ఎదుటి మనిషి గంట ఖరీదు

డల్లాస్ శివారులో ఒక ఇంటి వంటగది కొళాయి కారుతోందని అనుకుందాం. ప్లంబరును పిలిస్తే వచ్చి చూసినందుకే వంద డాలర్ల దాకా అడగవచ్చు. బాగు చేయడానికి వేరే లెక్క. ఆ ఇంటి యజమాని కూకట్‌పల్లిలోనో విజయవాడలోనో పెరిగిన సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. స్వదేశంలో ఉన్నన్నాళ్లూ పానా చేతపట్టి ఎరగడు. ఇప్పుడు యూట్యూబ్‌లో రెండు వీడియోలు చూసి, హార్డ్‌వేర్ దుకాణానికి మూడుసార్లు తిరిగి, శనివారం మధ్యాహ్నమంతా సింకు కింద వెల్లకిలా పడుకుని వాషరు మారుస్తాడు. సాయంత్రం ఇంటికి ఫోను చేసినప్పుడు ఆ సంగతి చెబుతాడు. కొళాయి ఆగితే, "ఇక్కడ మన పని మనమే చేసుకుంటాం, అదీ గొప్ప" అంటాడు. ఆగకపోతే, "అక్కడైతే నాలుగైదు వందలు పారేస్తే అరగంటలో అయిపోయేది" అంటాడు.

ఒకే కొళాయి మీద పుట్టిన ఈ రెండు మాటల్లో ఏదీ అబద్ధం కాదు. విదేశాల్లో ఉన్న తెలుగువారు అక్కడి రోజువారీ బతుకును ఇక్కడి బతుకుతో పోల్చేటప్పుడు శుభ్రత, క్రమశిక్షణ, ఆప్యాయత, సంస్కృతి వంటి పెద్ద మాటలు వాడతారు. ఆ మాటలను కాస్త గోకి చూస్తే చాలాచోట్ల అడుగున చిన్న అంకె ఒకటి బయటపడుతుంది. అది ఎదుటి మనిషి చేసే గంట పనికి పలికే ధర.

అమెరికా కేంద్ర ప్రభుత్వం నిర్ణయించిన కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు. 2009 జులై నుంచి అది కదలలేదు. చాలా రాష్ట్రాలు మాత్రం తమ హద్దును అంతకు పైన పెట్టుకున్నాయి. కాలిఫోర్నియాలో 2025లో అది 16.50 డాలర్లు. చేతిపని తెలిసిన ప్లంబరు, ఎలక్ట్రీషియను ఈ అంకెల దరిదాపుల్లో కూడా ఉండరు. మనిషి సమయం ఇంత ప్రియమైన చోట, సమాజమంతా మనిషి అవసరం పడకుండా ఏర్పాట్లు చేసుకుంటుంది. గిన్నెలు కడగడానికి యంత్రం ఉంటుంది. బల్లలూ మంచాలూ ముక్కలుగా పెట్టెలో వస్తాయి, బిగించుకోవలసింది కొన్నవాడే. ఇంటి ముందు గడ్డి కోయడం, కాలిబాట మీద మంచు ఎత్తిపోయడం ఇంటివారి పని. పెట్రోలు కూడా ఎవరికి వారే పట్టుకోవాలి. (తెలుగువారు దండిగా ఉండే న్యూజెర్సీ ఒక్కటే దీనికి మినహాయింపు. 1949 నాటి చట్టం ప్రకారం అక్కడి బంకుల్లో పనివారే పెట్రోలు పట్టాలి. ఎడిసన్‌లో కారు నడపడం నేర్చుకుని టెక్సాస్‌కు మారినవారికి ఆ గొట్టం పట్టుకోవడం కొత్త విద్యే.)

హైదరాబాదుకు వస్తే లెక్క తిరగబడుతుంది. మనిషి చవక, యంత్రం ప్రియం. అంట్లు తోమే మనిషి నెలకు కొన్ని వేలకు దొరుకుతుంటే, పది నెలల జీతమంత పోసి యంత్రం కొనడం దండగ. 2020 లాక్‌డౌన్‌లో పనివాళ్లు రావడం ఆగిపోయాక గానీ డిష్‌వాషరు అనే వస్తువు మన మధ్యతరగతి ఇళ్ల ఆలోచనలోకి గట్టిగా రాలేదు. మళ్లీ పనివాళ్లు వచ్చాక ఆ ఆలోచన చాలా ఇళ్లలో వచ్చిన దారినే పోయింది.

"అక్కడ శ్రమకు గౌరవం ఉంది, ప్లంబరూ ప్రొఫెసరూ ఒకే హోటల్లో పక్కపక్క బల్లల దగ్గర తింటారు" అన్నది తరచుగా వినిపించే మాట. గౌరవం ఉన్న మాట నిజమే. దాన్ని నైతిక ఔన్నత్యంగా చూడటమే తొందరపాటు. తన గంటకు ధర తానే చెప్పగల మనిషిని ఎవరూ "ఒరేయ్" అనలేరు, అంతే. శ్రమగౌరవం గురించి అమెరికా నుంచి ఫోనులో ఉపన్యసించిన మనిషే సెలవుకు ఇంటికి వచ్చిన మూడో రోజున మంచినీళ్లు మంచం దగ్గరికి తెప్పించుకోవడం చూస్తే, అలవాటైనది విలువా ధరా అన్న అనుమానం రాక తప్పదు. పైగా మన దగ్గర దీనికి కులమనే మరో పొర ఉంది. మరుగుదొడ్డి ఎవరు కడగాలో పుట్టుకతోనే తేల్చి పెట్టిన సమాజం నుంచి వెళ్లిన యువకుడు, అట్లాంటా అపార్టుమెంటులో బ్రష్షు పట్టుకుని తన మరుగుదొడ్డి తానే కడుక్కుంటాడు. ఇది చిన్న మార్పు కాదు. అయితే ఆ మార్పు అతనితో పాటు తిరుగు విమానం ఎక్కడం అరుదు.

వెళ్లిన కొత్తలో ప్రతి ధరనూ రూపాయల్లోకి మార్చుకోవడం అందరికీ ఉన్న జబ్బే. కాఫీ ఐదు డాలర్లంటే నాలుగు వందల యాభై రూపాయలని గుండె గుభేలుమంటుంది. ఆరు నెలలు గడిచేసరికి ఆ జబ్బు నయమవుతుంది. స్వదేశానికి వచ్చినప్పుడు తిరగబెట్టి, నలభై రూపాయల ఇడ్లీ "అర డాలరే కదా" అనిపిస్తుంది. ఈ గుణకారంలో ఒక మోసం ఉంది. డాలరు మారకం విలువ ఇప్పుడు 90 రూపాయల చుట్టుపక్కల. కొనుగోలు శక్తిని బట్టి ప్రపంచ బ్యాంకు వేసే లెక్కల్లో మాత్రం, అమెరికాలో ఒక డాలరుకు వచ్చేంత సరుకు, సేవ భారత్‌లో సుమారు 20 రూపాయలకే వస్తాయి. సముద్రం దాటి అమ్ముడుపోయే ఫోను, బంగారం వంటి వాటి ధర అన్నిచోట్లా కాస్త అటూఇటూగా ఒకటే. క్షౌరం, ఇస్త్రీ, ఇంటి అద్దె, వంటమనిషి చేతి భోజనం ఓడ ఎక్కవు. ఏలూరు క్షురకుడి కత్తెర ఏలూరులోనే ఆడాలి, ఏలూరు ధరకే ఆడాలి. మళ్లీ గంట ఖరీదు దగ్గరికే వచ్చాం.

ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చదివితే వలస తర్కంలో సగం అర్థమవుతుంది. ఏడాదికి లక్ష డాలర్లు సంపాదించే మనిషిని ఊళ్లో 90 లక్షల మనిషిగా చూస్తారు. అక్కడ అతను గడిపే బతుకు ఇక్కడ 20 లక్షలతో గడిచే బతుకుకు దగ్గర. కానీ మిగిల్చి ఇంటికి పంపిన ప్రతి డాలరూ 90 అవుతుంది. ఖర్చు ఇరవై లెక్కన, పొదుపు తొంభై లెక్కన. అందుకే నలుగురు కుర్రాళ్లు రెండు పడకగదుల ఇంట్లో సర్దుకుని, వంతులవారీగా వండుకుని, ఒకే పాత కారులో తిరుగుతారు. ఊళ్లోవారికి తొంభై కనబడుతుంది, అక్కడి మనిషికి ఇరవై తెలుస్తుంది. చెల్లెలి పెళ్లి ఖర్చు దగ్గర, చేబదులు అడిగిన బంధువు దగ్గర మాట తేడాలు పుట్టేది ఈ సందులోనే.

ధరతో తేలని తేడాలూ కొన్ని ఉన్నాయి. కొసరు వాటిలో ఒకటి. రైతుబజారులో కూరగాయలు తూచాక సంచిలో పడే రెండు కరివేపాకు రెమ్మలకు లెక్క ఉండదు. అమెరికాలో ఇండియన్ స్టోరులో అదే రెమ్మ చిన్న ప్లాస్టిక్ సంచిలో, ధర చీటీతో, ఆకులు సగం నల్లబడి ఉంటుంది. ఇక్కడి నుంచి తాజా ఆకు సామానులో పట్టుకుపోదామంటే కుదరదు. కరివేపాకు నిమ్మ కుటుంబపు మొక్క. నిమ్మజాతి చెట్లను చంపే తెగులును మోసే చిన్న పురుగు దాని మీద కూడా బతుకుతుంది. ఫ్లోరిడా నారింజ తోటలను ఆ తెగులు చావుదెబ్బ కొట్టింది కాబట్టి, విమానాశ్రయంలో పచ్చి కరివేపాకు కనబడితే తీసి పారేస్తారు. మనవాళ్లు దాన్ని కుండీలో పెంచి, చలికాలంలో బాలింతను చూసుకున్నట్లు లోపలికి తెచ్చి కిటికీ పక్కన పెట్టుకుంటారు. పెంచినది పండితే పక్కింటి తెలుగువారికి ఊరికే ఇస్తారు. అంటే దుకాణంలో పోయిన కొసరు పెరటి దారిన తిరిగి వచ్చింది. బార్‌కోడు చదివే యంత్రానికి గుప్పెడు ఎక్కువ వేయడం రాదు గానీ, మనుషులకు ఇంకా వచ్చు. ఇక పోపు సంగతి చెప్పనే అక్కరలేదు. చెక్కతో కట్టిన ఇళ్లలో పొగ పసిగట్టే అలారానికి ఎండుమిరపకాయల తాలింపుకూ అగ్నిప్రమాదానికీ తేడా తెలియదు. వేపుడు చేయడానికి గరాజులో మరో పొయ్యి పెట్టుకునే ఇళ్లున్నాయి.

అసలు లెక్కలోకే రాని గంటలు ఇంట్లో ఉన్నాయి. అవి ఆడవారివి. పనిమనిషి లేని అమెరికా ఇంట్లో భర్త అంట్లు తోముతాడు, బట్టలు మడతపెడతాడు, పిల్లవాడికి డైపరు మారుస్తాడు. అత్తమామల కళ్ల ముందు చేయని పనులు ఇవన్నీ. అమెరికా జీవితం నచ్చిందని చెప్పే తెలుగు స్త్రీలు రోడ్ల గురించి మాట్లాడుతున్నప్పుడు కూడా చాలాసార్లు ఈ సంగతినే చెబుతుంటారు. అయితే అదే దేశపు చట్టం ఇంకో వైపు నుంచి ఆమె చేయి కట్టేస్తుంది. హెచ్-1బి అనే ఉద్యోగ వీసా మీద ఉన్నవాడి భార్యగా, కుటుంబ సభ్యులకిచ్చే హెచ్-4 వీసా మీద వెళ్లిన ఇంజనీరింగ్ పట్టభద్రురాలు ఉద్యోగం చేయకూడదు. 2015 మే నుంచి, భర్త గ్రీన్ కార్డు ప్రక్రియ ఒక దశ దాటితే పని అనుమతి ఇస్తున్నారు. అప్పటిదాకా ఆమె గంటకు చట్టం కట్టిన ధర సున్నా. హైదరాబాదులో ఆమె జీతానికి వంటమనిషి, ఆయా ఉండేవారు. అక్కడ ఆ ఇద్దరి పనీ ఆమెదే. "అక్కడ బాగుందా" అన్న ప్రశ్నకు ఒకే ఇంట్లో భార్యాభర్తలు వేర్వేరు జవాబులు చెప్పడంలో వింత లేదు.

బిడ్డ పుట్టే సమయానికి ఊరి నుంచి అమ్మ వస్తుంది. సందర్శకుల వీసా మీద సాధారణంగా ఆరు నెలలు ఉండనిస్తారు. ఆమె వెళ్లాక అత్తగారు మరో ఆరు నెలలు. డే కేర్‌లో పసిబిడ్డను చూసుకోవడానికి పెద్ద నగరాల్లో నెలకు వేయి డాలర్లు దాటుతుంది. అమ్మమ్మకూ నానమ్మకూ విమానం టికెట్టు, ఆరోగ్య బీమా చాలు. ప్రేమ లేదని కాదు. ప్రేమా పొదుపూ ఒకే విమానంలో దిగుతాయి. కారు నడపడం రాని ఆ పెద్దామె పగలంతా కిటికీ దగ్గర కూర్చుని, మనిషి జాడ లేని వీధిని చూస్తూ, "ఇదేం దేశం, కాకి కూడా కనబడదు" అంటుంది. అమెరికా గురించి తెలుగులో పుట్టిన విమర్శల్లో ఇంత సూటిగా చెప్పినది మరొకటి లేదు. ఆమె ఊరికి తిరిగి వచ్చాక తూకం ఇటు మొగ్గుతుంది. మోకాళ్లు అరిగిన తల్లిదండ్రులు విజయవాడలో ఒంటరిగా ఉంటే, కొడుకు పంపే డబ్బుతో పగలొక మనిషి, రాత్రొక మనిషి కాపలా ఉంటారు. అంత సేవ అమెరికాలో సంపన్నులకు గానీ సాధ్యం కాదు. చేసే చేతులు కొడుకువి కావు, అంతే తేడా.

పోలికలో మరో చిక్కు తేదీది. ప్రవాసి పోల్చేది నేటి ఊరితో కాదు, తాను విమానమెక్కిన నాటి ఊరితో. 1999లో కంప్యూటర్ల రెండువేల సంవత్సరపు గండం పుణ్యమా అని వెళ్లినవారికి ఇల్లంటే కరెంటు కోత, గ్యాసు బండ కోసం నిరీక్షణ, బేగంపేట విమానాశ్రయం. శంషాబాద్ విమానాశ్రయం 2008లో వచ్చింది, మెట్రో రైలు 2017 నవంబరులో. వీటికంటే గట్టి దెబ్బ కొట్టింది యూపీఐ. 2016లో మొదలైన ఈ చెల్లింపు పద్ధతి కొన్నేళ్లలోనే కొబ్బరిబోండాల బండి దాకా చేరింది. విదేశీ ఫోను నంబరుతో దాన్ని వాడే వీలు, అమెరికాతో సహా పది దేశాల వారికి, 2023లో గానీ మొదలు కాలేదు. దాంతో "ఇండియాలో ఏదీ సులువుగా కాదు" అంటూ దిగిన మనిషి బోండాల బండి దగ్గర అయిదు వందల నోటు పట్టుకుని చిల్లర లేక నిలబడ్డాడు. ఇంటి అద్దెకు ఇంకా కాగితపు చెక్కు రాసే దేశం నుంచి వచ్చింది ఆయనే.

పది నిమిషాల్లో ఇంటికి వచ్చే పాల ప్యాకెట్టును మాత్రం యూపీఐతో కలిపి సాంకేతిక అద్భుతాల పద్దులో రాయడం పొరపాటు. ఆ వేగం ఫోనులోంచి పుట్టినట్లు కనిపిస్తుంది గానీ, అది నిజానికి ఎండలో ద్విచక్ర వాహనం మీద నిలువనీడ లేకుండా తిరిగే యువకుడి గంట ఖరీదులోంచి పుట్టింది. అతని గంటకు కాలిఫోర్నియా ధర కడితే ఆ పాలు ఎవరూ తెప్పించుకోరు.

ఇంతకీ ఈ పోలిక ఎందుకు ఆగదు? వెళ్లి పాతికేళ్లయినా కొందరు రోజూ రెండు దేశాలనూ తూచుకుంటూనే ఉంటారు. దానికి స్వభావం కంటే కాగితాలే ఎక్కువ కారణం. అమెరికా ఉద్యోగ ఆధారిత గ్రీన్ కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ ఏటా 7 శాతం మించి ఇవ్వరాదన్న పరిమితి ఉంది. భారతీయుల దరఖాస్తులు ఆ ఇరుకు ద్వారం ముందు ఏళ్ల తరబడి పేరుకుపోయాయి. ఇల్లు కొనుక్కున్నారు, పిల్లలు అక్కడి బడిలో పెరిగారు, అయినా ఉద్యోగం పోతే బయలుదేరడానికి గడువు మామూలుగా 60 రోజులే. పిల్లలకు 21 ఏళ్లు నిండితే తల్లిదండ్రుల దరఖాస్తు నీడ తప్పిపోవచ్చు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము ప్రకటించినప్పుడు, తమకు అది వర్తిస్తుందో లేదో తెలియని గందరగోళంలో సెలవుకు వచ్చినవారు పెట్టెలు సర్దుకుని విమానాశ్రయాలకు పరుగెత్తారు. ఇలాంటి స్థితిలో "అక్కడా ఇక్కడా" అన్నది కాలక్షేపపు చర్చ కాదు, ఏ రోజైనా అవసరపడే లెక్క. పౌరసత్వం వచ్చినవారు గోంగూర గురించి బెంగపడతారు. రానివారు హైదరాబాదు బడుల ఫీజులు వాకబు చేస్తుంటారు.

ఇదంతా ఒక "విదేశం" కథ. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల్లో, కోనసీమలో, కడప జిల్లాలో విదేశమంటే దుబాయి, సౌదీ, ఖతార్, కువైట్. అక్కడికి వెళ్లినవారి పోలికలో గంట ఖరీదు పక్క మారుతుంది. చవకగా అమ్ముడుపోయే గంట ఇక్కడ ఎదుటివాడిది కాదు, తనదే.

ఆ ధర ఎలా తేలుతుందో ఒక ఉదంతం చూపిస్తుంది. గల్ఫ్‌కు వెళ్లే కార్మికుల కోసం భారత ప్రభుత్వం దేశాలవారీగా కనీస వేతనం సూచిస్తుంది. 2020 సెప్టెంబరులో, కరోనా దెబ్బకు మనవారికి ఉద్యోగాలు దొరకవన్న వాదనతో, యూఏఈ, ఖతార్, ఒమాన్, బహ్రెయిన్‌లకు దాన్ని నెలకు 200 డాలర్లకు తగ్గించింది. కార్మిక సంఘాలు గగ్గోలు పెట్టాయి, తెలంగాణ హైకోర్టులో వ్యాజ్యం పడింది, 2021లో ఆ ఉత్తర్వును వెనక్కి తీసుకున్నారు. ఆ 200 డాలర్లు డల్లాస్ ప్లంబరు రెండుసార్లు వచ్చి చూసి పోయినందుకు అడిగే మొత్తం. గల్ఫ్‌లో అది నెల జీతం.

దుబాయి రోడ్లు అద్దంలా ఉంటాయని అక్కడి తెలుగు ఇంజనీరూ చెబుతాడు, ఆ రోడ్డు ఊడ్చే సిరిసిల్ల మనిషీ చెబుతాడు. వాక్యం ఒకటే. ఇంజనీరు ఇంట్లో వంటకు, పిల్లలకు మనుషులున్నారు. పనివాళ్ల విషయంలో అతని దుబాయి, హైదరాబాదుకు కొనసాగింపు. రెండో మనిషి నగరం వెలుపలి లేబర్ క్యాంపులో గదికి అరడజను మందితో ఉంటాడు. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు ఎండలో పని చేయించరాదని యూఏఈ నిబంధన ఉంది. మూడు దాటాక కూడా అక్కడ ఎండ ఎండే. అతను పోల్చుకునేది ట్రాఫిక్‌నో సంస్కృతినో కాదు. ఏజెంటుకు కట్టిన సొమ్ముకు వడ్డీ ఎంత తీరింది, బోరు వేయించిన అప్పు ఎంత మిగిలింది, ఓవర్ టైము దొరుకుతుందా, యజమాని పాస్‌పోర్టు చేతికిస్తాడా. యజమాని చేతి నుంచి తప్పించుకుని కాగితాలు లేకుండా పని చేసుకునేవారిని వాళ్ల భాషలో "ఖల్లివెల్లి" అంటారు. ఇంకో చోట ఎక్కువ జీతం వస్తుందని తెలిసి అలా మారేవారూ ఉన్నారు. చట్టం దాన్ని నేరమంటుంది. హెచ్-1బి ఉద్యోగి చేస్తే దానికే "కంపెనీ మారడం" అని పేరు.

కువైట్ ఇళ్లలో పనికి కోనసీమ నుంచి, కడప నుంచి వెళ్లే స్త్రీల సంగతి ఇంకా మెలికగా ఉంటుంది. వలస అనుమతి అవసరమైన దేశాలకు ఇంటిపనికి వెళ్లాలంటే ఆడవారికి 30 ఏళ్లు నిండాలని మన నిబంధన. ఆ వయసుకు ఆమెకు పిల్లలుంటారు. వాళ్లను తన తల్లి దగ్గర వదిలి, కువైట్‌లో మరొకరి పిల్లలకు అన్నం కలిపి పెట్టడానికి వెళుతుంది. అమెరికా ఇంట్లో జీతం లేకుండా మనవణ్ని చూసుకునే అమ్మమ్మ ఒకరు, అమలాపురం దగ్గర పల్లెలో అదే పని చేసే అమ్మమ్మ మరొకరు. రెండో అమ్మమ్మకు టికెట్టు ఖర్చు కూడా లేదు.

మగవాళ్లు గల్ఫ్‌కు, పిల్లలు చదువులకు నగరాలకు వెళ్లిన ఉత్తర తెలంగాణ పల్లెల్లో నాట్లకు చేతులు చాలడం లేదు. కొన్నేళ్లుగా బిహార్ నుంచి ముఠాలు వస్తున్నాయి. ఎకరానికి ఇంత అని గుత్తకు మాట్లాడుకుని, తాడు పట్టి వరుస తప్పకుండా నాటుకుంటూ పోతారు. కరీంనగర్ చుట్టుపక్కల బియ్యం మిల్లుల్లో బస్తాలు మోసేవారిలోనూ బిహారీలు చాలామందే. పొద్దు వాలాక మిల్లు రేకుల షెడ్డు పక్కన కూర్చుని వాళ్లూ ఇంటికి ఫోను చేస్తారు. ఎకరానికి అక్కడెంత ఇస్తారు, ఇక్కడెంత ఇస్తున్నారు, తిండి ఎలా ఉంది, ఊళ్లో వాన పడిందా అని.